సివిల్స్ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది: డ్యాఫ్‌లో రాసిన వరద గీతల గురించి సలహా కావాలి

లంకపిల్ల (జనవరి 6, రాత్రి 9:15)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయను ఆనుకొని ఉన్న ఒక లంక గ్రామం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆ తరువాత రెండేళ్లు ఏ ఉద్యోగమూ చేయకుండా ఇంటిపట్టునే ఉండి చదువుకొని, మూడో ప్రయత్నంలో మెయిన్స్ గట్టెక్కాను. వచ్చే నెల రెండో వారంలో ఢిల్లీలో ఇంటర్వ్యూ. నాన్నగారు కౌలు రైతు.

నా బెంగ అంతా డ్యాఫ్‌లో, అంటే యూపీఎస్సీకి ఇచ్చే వివరమైన దరఖాస్తులో, అభిరుచుల గడిలో రాసిన ఒక్క వాక్యం గురించి. మా పెరటి గోడ మీద 1986 ఆగస్టు వరద నీరు ఎంతవరకు వచ్చిందో తాతగారు ఉలితో ఒక గీత చెక్కారు. దాని కింద 2006 గీత నాన్నగారిది, 2022 జూలై గీత నాది. తొమ్మిదో తరగతి నుంచి గోదావరి పొంగినప్పుడల్లా రేవులో ఎన్నో మెట్టు మునిగిందో తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. అభిరుచి అంటే నాకు అదే తోచింది, అదే రాశాను. మొన్న విజయవాడలో ఒక చోట మాక్ ఇంటర్వ్యూకు వెళ్తే, అడిగిన పెద్దమనిషి నవ్వి, "ఇది అభిరుచి కాదమ్మా, పుస్తకపఠనమనో నడక అనో రాసి ఉంటే సరిపోయేది" అన్నారు. ఇప్పుడు మార్చే వీలు లేదు. దానితోపాటు రెండేళ్ల ఖాళీ గురించి ఏం చెప్పాలో, నా పత్రాల్లో జిల్లా పేరు తూర్పు గోదావరి అని ఉండి ఇప్పటి చిరునామా కోనసీమ కావడం వల్ల ఇబ్బంది వస్తుందేమో కూడా చెప్పగలరు. ఇంటర్వ్యూ మాధ్యమం ఇంగ్లీషు అని పెట్టాను. తెలుగు అని పెట్టి ఉంటే బాగుండేదేమో అన్న అనుమానం కూడా పీకుతోంది.

గట్టుమీద (జనవరి 6, రాత్రి 11:02)

లంకపిల్ల గారూ, ముందుగా అభినందనలు. నేను మూడుసార్లు షాజహాన్ రోడ్డులోని ఆ ధోల్‌పూర్ హౌస్ (యూపీఎస్సీ ఆఫీసు) మెట్లు ఎక్కాను. మొదటి రెండుసార్లు ఉత్త చేతులతో దిగాను, మూడోసారి కొలువు దొరికింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ డ్యాఫ్‌లో అన్నిటికన్నా బలమైన వాక్యం అదే. మీరు దాన్ని చూసి భయపడుతున్నారు కాబట్టి అది బలహీనంగా కనిపిస్తోంది.

మొదటిసారి నేను అభిరుచి "క్రికెట్ చూడడం" అని రాశాను. బోర్డులో ఒకాయన రెండు ప్రశ్నలు అడిగి, నా జవాబుల్లో పత్రికల్లో వచ్చేదానికి మించి ఏమీ లేదని గ్రహించి, మళ్ళీ ఆ వైపు రాలేదు. రెండోసారి సొంత ఊరి గురించి అడిగారు. నేను ధవళేశ్వరంలో పెరిగినవాణ్ణి. "కాటన్ బ్యారేజీ ఒకే కట్టా, లేక కొన్ని కట్టలా?" అన్నది ప్రశ్న. రోజూ దాని మీదుగా కాలేజీకి వెళ్ళినవాణ్ణి ఒకే కట్ట అనేశాను. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, నడుమ లంకలు, మొత్తం 175 గేట్లు అని ఇంటికొచ్చాక మా బాబాయి చెప్పారు. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరు (కాలువల కాపలాదారు). అడిగినాయనకు జవాబు ముందే తెలుసునని, నేను చూసిన దాన్ని గమనించానా లేదా అన్నదే ఆయన చూశారని అప్పటికి గాని నాకు బోధపడలేదు.

కాబట్టి మీ నోటుపుస్తకాన్ని తిరిగి ముందేసుకోండి. రాసిన ప్రతి అంకె వెనుక ధవళేశ్వరం దగ్గర ఆ రోజు ఎంత నీరు వదిలారో పక్కన రాసుకోండి. అక్కడ మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు ఎవరైనా బట్టీ పట్టగలరు. మీ రేవులో మెట్టుకూ ఆ అంకెకూ ఉన్న లెక్క మాత్రం దేశంలో మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

కోచింగ్_మాస్టారు (జనవరి 7, ఉదయం 6:40)

గట్టుమీద గారి ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు గాని, ఒక మాట చెప్పక తప్పదు. మెయిన్స్ రాతపరీక్ష 1750 మార్కులు, ఇంటర్వ్యూ 275, మొత్తం 2025. ఇంటర్వ్యూలో కనీస మార్కులంటూ లేవు. ఖాళీలకు దాదాపు రెట్టింపు మందిని పిలుస్తారు కాబట్టి, ఇద్దరిలో ఒకరు వెనక్కి రావలసిందే. ఇలాంటి చోట విచిత్రమైన అభిరుచితో బోర్డును ఆకట్టుకోవాలనుకోవడం ఒక పందెం. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఏమిటంటే, ప్రతి ప్రశ్నకూ ముందే ఒక నిమిషం జవాబు రాసి పెట్టుకొని, అద్దం ముందు పదిసార్లు చెప్పుకొని వెళ్ళమని. రెండేళ్ల ఖాళీకి కూడా ఒక సిద్ధమైన జవాబు ఉండాలి. తడుముకుంటే బోర్డు అక్కడే పట్టుకుంటుంది.

భీమవరం_చెరువు (జనవరి 7, ఉదయం 8:25)

మాస్టారుగారూ, క్షమించాలి, ఆ అద్దం జవాబే నన్ను ముంచింది. మా కుటుంబానికి ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది, డ్యాఫ్‌లో నాన్నగారి వృత్తి అదే రాశాను. ఆక్వా వల్ల ఎగుమతులు, ఉపాధి, విదేశీ మారకం అని ఒక నిమిషం ప్రసంగం సిద్ధం చేసుకొని వెళ్ళాను. మొదటి ప్రశ్నకే దాన్ని అప్పజెప్పాను. చివరన కూర్చున్న మేడమ్ అంతా శాంతంగా విని, "మీ చెరువు పక్క పొలం ఎవరిది?" అని అడిగారు. మా పెదనాన్నగారిది. ఆయన వరి వేస్తారు. ఉప్పు ఊట వల్ల ఆయన గట్టు పక్కన నాలుగు సెంట్లు పండడం మానేశాయని, ఆ విషయమై మా ఇంట్లో రెండేళ్లు మాటలు లేవని నాకు తెలుసు. కానీ సిద్ధం చేసుకున్న జవాబులో ఆ పొలం లేదు. "సమస్యలేవీ లేవండి" అనేశాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. అక్కడి నుంచి కొల్లేరుకు వెళ్ళారు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యమని ప్రకటించారని, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిందని గడగడా చెప్పాను. "ఆ కాంటూరు లోపల జిరాయితీ (సొంత పట్టా) భూమి ఉన్న రైతు ఏం చేయాలి?" అన్నారు. మళ్ళీ మౌనం.

పెదనాన్నగారి నాలుగు సెంట్ల సంగతి నిజాయితీగా చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. లంకపిల్ల గారి గోడ గీత గురించి ఆ మాక్ పెద్దమనిషి నవ్వారంటే, ఆయనకు వరద తెలియదని అనుకోండి.

అడంగల్ (జనవరి 7, మధ్యాహ్నం 1:10)

పత్రాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే రెవెన్యూలో పద్దెనిమిదేళ్లుగా అదే నా పని. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు జారీ అయిన పదో తరగతి మెమోలో గాని, పాత పత్రాల్లో గాని తూర్పు గోదావరి అని ఉండడం తప్పు కాదు, ఆ నాటికి అదే మీ జిల్లా. దాని కోసం ఎవరి చుట్టూ తిరగకండి. చూసుకోవలసింది వేరే ఉంది. మీరు ఓబీసీ కింద దరఖాస్తు చేసి ఉంటే, రాష్ట్ర ఉద్యోగాలకు మీసేవలో ఇచ్చే బీసీ పత్రం ఇక్కడ పనికిరాదు. కేంద్రం నమూనాలో నాన్-క్రీమీ లేయర్ (సంపన్న శ్రేణి కాదన్న) పత్రం కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి, ఆ తేడా తెలియక ఏడ్చిన పిల్లలను నేను కౌంటరు దగ్గర చూశాను.

మరో మాట. ఆదాయం ఎనిమిది లక్షల హద్దు అనగానే మా ఆఫీసుల్లో కొందరు జీతమూ, పంట ఆదాయమూ అన్నీ కలిపి కూడేస్తారు. ఓబీసీ క్రీమీ లేయర్ లెక్కలో జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ ఆ హద్దులోకి తీసుకోరు. ఈడబ్ల్యూఎస్‌లో (ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల కోటాలో) మాత్రం అన్నీ కలుపుతారు, పైగా అయిదెకరాల సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత పోతుంది. ఈ రెండు లెక్కలనూ కలగలిపి పత్రం నిరాకరించిన సందర్భాలు నాకు తెలుసు. అటువంటప్పుడు గుమస్తాతో వాదించకుండా, 1993 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రతిని పెట్టి తహసీల్దారుగారికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంటిపేరు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, కుల పత్రంలో ఒక్క అక్షరంగా, ఆధార్‌లో చివరన ఉంటుంది. ఆ మూడూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండమ్మా.

లంకపిల్ల (జనవరి 7, రాత్రి 10:30)

అడంగల్ గారూ, మీరు చెప్పినట్టే పెట్టి చూశాను. కుల పత్రం కేంద్రం నమూనాలోనే ఉంది. కానీ నాన్నగారి పేరు మెమోలో "రావు"తో, కుల పత్రంలో "రావు" లేకుండా ఉంది. రేపే వెళ్తాను.

గట్టుమీద గారి మాట ప్రకారం నోటుపుస్తకం తీశాను. ఒక విషయం నాకే కొత్తగా తట్టింది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇవ్వకముందే మా ఊరి కాజ్‌వే మునిగిపోతుంది. అంటే ప్రభుత్వం "అప్రమత్తం" అనే వేళకు మేము అప్పటికే పడవ ఎక్కి ఉంటాం. పదేళ్లుగా రాస్తున్నా ఈ ముక్క ఇంతవరకు వాక్యంగా అనుకోలేదు.

తెలుగుమాధ్యమం (జనవరి 8, ఉదయం 7:05)

మాధ్యమం గురించి చెబుతాను. నేను మెయిన్స్ తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చాను. మీలా మెయిన్స్ ఇంగ్లీషులో రాసినవారు కూడా, నిర్బంధ భాషా పత్రంగా తెలుగు తీసుకొని ఉంటే, ఇంటర్వ్యూకు తెలుగు ఎంచుకోవచ్చు. అయితే ఆ ఎంపిక ఫారంలోనే జరిగిపోతుంది, ఇప్పుడు దాని గురించి బెంగపడి లాభం లేదు.

తెలుగులో ఇస్తే సుఖమే అనుకోవద్దు. పక్కన దుబాసీ కూర్చుంటారు. మనం చెప్పింది ఆయన ఇంగ్లీషులో చెప్పేదాకా బోర్డు మన ముఖం చూస్తూ ఉంటుంది. పొడుగు వాక్యం చెబితే నడుమ తెగిపోతుంది, అందుకని రెండు ముక్కల్లో ఆపి ఆపి చెప్పడం నేర్చుకున్నాను. నాది అయినవిల్లి వైపు. "మా లంక భూముల్లో" అని మొదలుపెడితే దుబాసీగారు ఒక క్షణం ఆగారు, ఛైర్మన్‌గారు నవ్వుతూ "శ్రీలంకా?" అన్నారు. గోదావరి నడుమ ఒండ్రు పేరుకొని తేలిన దిబ్బను మేము లంక అంటామని, ఏటా అది ఒక పక్క కోసుకుపోయి మరో పక్క పెరుగుతుందని, కోసుకుపోయిన పక్క పట్టా ఉన్నవాడికి కాగితమే మిగులుతుందని చెప్పాను. ఆ తరువాతి ఆరేడు నిమిషాలు అదే చర్చ. నా ఆప్షనల్ సబ్జెక్టు జోలికి ఎవరూ రాలేదు.

ఇంగ్లీషులో ఇస్తున్న మీకు నేను చెప్పేది ఒకటే. లంక, రేవు, కౌలు, ఏటిగట్టు అన్న మాటలకు ఇంగ్లీషు వెతుక్కుంటూ తడబడకండి. తెలుగు మాటే అని, వెంటనే ఒక్క వాక్యంలో అర్థం చెప్పండి.

రాజోలు_రేవు (జనవరి 8, సాయంత్రం 5:50)

నాన్నగారు కౌలు రైతు అని రాశారు కదా, ఆ తలుపు తట్టకుండా వాళ్లు వదలరు. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు పంట సాగుదారు హక్కుల కార్డు ఇస్తారు. దాని గడువు పదకొండు నెలలు, భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది. మా ఊళ్ళో ఆసామి "కార్డు మీద సంతకం పెడితే రేపు భూమి నీదంటావు" అని పెట్టడు, కార్డు లేక బ్యాంకు అప్పు ఇవ్వదు, అప్పు కొట్టువాడి దగ్గర తెస్తే ధాన్యం కళ్లంలోనే వాడికి పోతుంది. నాన్నగారికి కార్డు ఉందా, ఉంటే ఎవరు సంతకం పెట్టారు, లేకపోతే ఎందుకు లేదు అన్నది ఇంట్లోనే అడిగి తెలుసుకోండి.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం (పంట వేయకుండా పొలాలు వదిలేయడం) పాటించిన సంగతి కూడా అడగవచ్చు. మోహన్ కందా కమిటీ వేశారు, అది అందరికీ తెలుసు. ఆ ఏడాది కూలీలు, కౌలుదార్లు ఏం తిన్నారన్నది పుస్తకాల్లో తక్కువ. విరామం ప్రకటించినవారిలో భూమి ఉన్నవారి గొంతే ఎక్కువ అన్న వాదన ఉంది. మా నాన్న ఆ ఏడు హైదరాబాదు వెళ్ళి అపార్టుమెంటుకు కాపలా ఉన్నాడు.

కోచింగ్_మాస్టారు (జనవరి 8, రాత్రి 9:00)

భీమవరం_చెరువు గారు రాసింది రెండుసార్లు చదివాను. జవాబు రాసుకోవద్దని నేను ఇప్పటికీ అనను. పిల్లలకు గొంతు పెగలడానికి అది ఊతం. కాకపోతే పక్క పొలం ఎవరిదన్న ప్రశ్న ఇకపై నా మాక్‌లో తప్పకుండా ఉంటుంది. రెండేళ్ల ఖాళీ విషయంలో మాత్రం అమ్మాయీ, "సేవాభావంతో సన్నద్ధమయ్యాను" వంటి మాటలు వద్దు. ఇంట్లో కూర్చొని చదివానని, ఖర్చు ఎవరు పెట్టారో, ఆ రెండేళ్లలో ఇంటి పని ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి.

లంకపిల్ల (ఫిబ్రవరి 15, రాత్రి 8:20)

మొన్న ఇంటర్వ్యూ అయింది. మీరంతా ఇంత సాయం చేశారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాది మధ్యాహ్నపు విడత. ఏ బోర్డు అన్నది చివరి నిమిషం దాకా చెప్పలేదు. లోపల ఛైర్మన్‌గారితో కలిపి అయిదుగురు, సుమారు అరగంట. మొదట కాకినాడ చదువు గురించి, కాంక్రీటు గురించి రెండు మామూలు ప్రశ్నలు. తరువాత ఖాళీ సంవత్సరాలు. నాన్నగారి కౌలు సేద్యం డబ్బుతోనే చదివానని, ఊడ్పుల్లో అమ్మతో వెళ్ళానని, ఆ రెండేళ్లు నాకు కొంత సిగ్గుగా కూడా ఉండేదని చెప్పాను. ఒకాయన తల ఊపారు, అంతే.

తరువాత ఒక మేడమ్ గోడ గీతల దగ్గరికి వచ్చారు. 1986 గీతకూ 2022 గీతకూ తేడా ఎంత అన్నారు. మా గోడ మీద జానెడున్నర అని చేత్తో చూపించాను. 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిందని, 1986లో అంతకన్నా చాలా ఎక్కువని, కానీ మధ్యలో ఏటిగట్లు ఎత్తు చేయడం వల్ల మా గోడ తేడా నది తేడాకు సరిగ్గా సరిపోదని చెప్పాను. "అయితే మీ కొలతకు విలువేమిటి?" అన్నారు. హెచ్చరిక ఇవ్వకముందే మా కాజ్‌వే మునుగుతుందన్న ముక్క చెప్పాను. జిల్లా మీ చేతికిస్తే ఏం చేస్తారని అడిగారు. ప్రతి లంక రేవులోనూ ఒక రాయి పాతి, ధవళేశ్వరం విడుదలకు ఆ రేవులో ఎంత వస్తుందో ఊరివాళ్ల చేతే గుర్తు పెట్టించి, మూడు హెచ్చరికలతో పాటు ఊరికొక హెచ్చరిక పెడతానని అన్నాను. ఆ రాయి ఖర్చెంత, ఎవరు చదువుతారు, అబద్ధం చదివితే ఎలా అని వరుసగా అడిగారు. రెండింటికి చెప్పగలిగాను, మూడోదానికి "ఆలోచించలేదండి" అన్నాను.

చివరి ప్రశ్న ఛైర్మన్‌గారిది. పోలవరం కడితే కిందనున్న మీకు మేలు, పైనున్న గిరిజన గ్రామాలు మునుగుతాయి, మీరు ఎటు అన్నారు. నాకు వెంటనే జవాబు రాలేదు. మా భాషలో వరద వచ్చి నాలుగు రోజుల్లో తీసేదాన్నీ, జలాశయం నిండి ఎన్నటికీ తీయనిదాన్నీ కూడా ముంపు అనే అంటామని, మా ముంపులో ఇల్లు తిరిగి దొరుకుతుంది గాని వాళ్ల ముంపులో దొరకదని, కాబట్టి నా లాభం లెక్కతో వాళ్ల నష్టాన్ని తూచడానికి నేను తగినదాన్ని కాదని చెప్పాను. "కలెక్టరుకు తూచక తప్పదు కదా?" అన్నారు. అవునన్నాను. పునరావాసం పూర్తయ్యాకే నీరు నిలపాలని కాగితం మీద రాస్తానని అన్నాను. ఆయన "కాగితం మీదా?" అని నవ్వారు. ఆ నవ్వు మంచిదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కౌలు కార్డు గురించి ఎవరూ అడగలేదు. నాన్నగారికి కార్డు లేదని, ఆసామి మా పెద్దమావయ్యగారేనని మాత్రం ఈ నెపాన తెలిసింది.

అడంగల్ (ఫిబ్రవరి 15, రాత్రి 9:45)

"రావు" సంగతి ఏమయిందమ్మా?

లంకపిల్ల (ఫిబ్రవరి 15, రాత్రి 10:10)

బోర్డు కన్నా ఆ "రావు" దగ్గరే ఎక్కువసేపు ఆగాను. మీరు చెప్పినట్టు సరిచేసిన పత్రం, పాతది, నాన్నగారి అఫిడవిట్ మూడూ తీసుకువెళ్ళాను. సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర ఒకాయన మూడూ పక్కపక్కన పెట్టి, చదివి, ప్రతులు తీసుకొని పంపించారు. అవి లేకపోతే ఆ చెమటతోనే లోపలికి వెళ్ళి ఉండేదాన్ని.

ఇంకో చిన్న సందేహం ఉంది, మీలో వెళ్ళివచ్చినవారు చెప్పండి. రానుపోను రైలు ఛార్జీ స్లీపర్ తరగతి లెక్కన ఇస్తారు కదా, ఫారంలో రాజమండ్రి స్టేషన్ అని రాశాను. ఇంటి నుంచి రాజమండ్రి దాకా అయిన పడవ, ఆటో, బస్సు ఖర్చు రాయడానికి గడి కనిపించలేదు.

రాజోలు_రేవు (ఫిబ్రవరి 15, రాత్రి 10:25)

పడవకు టిక్కెట్టు ఎవరిస్తారు చెల్లెమ్మా, వదిలెయ్యండి. కోటిపల్లి – నరసాపురం రైలు పూర్తయ్యాక మీ పిల్లల ఇంటర్వ్యూకు ఆ గడి నింపుదురు గాని.